ఒక్క డాలరూ వసూలు కాని పన్ను: ఎన్నికల హామీకీ రాజీకీ మధ్య అమెరికా ఆరోగ్య బీమా

2008 సెప్టెంబరు 12న న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలోని డోవర్ పట్టణంలో డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి బరాక్ ఒబామా ఓటర్లకు ఒక గట్టి హామీ ఇచ్చారు. ఏడాదికి 2,50,000 డాలర్ల లోపు సంపాదించే ఏ కుటుంబానికీ పన్ను పెరగదని చెప్పారు. ఆదాయ పన్ను పెరగదు, జీతంలోంచి కోసే పేరోల్ పన్ను పెరగదు, మూలధన లాభాల పన్ను పెరగదు, అసలు ఏ పన్నూ పెరగదు. ఈ చివరి ముక్క అనకుండా ఉంటే తర్వాతి పదకొండేళ్ల కథ వేరుగా నడిచేది. ఉద్యోగులకు కంపెనీలు ఇచ్చే ఆరోగ్య బీమా మీద పన్ను వేయాలా వద్దా అన్న ప్రశ్న ఆ రోజే ఆ మాటలో ఇరుక్కుంది. చివరికి అలాంటి పన్ను ఒకటి 2010 నాటి ఆరోగ్య సంస్కరణ చట్టంలోకి (జనం మాటలో ఒబామాకేర్) ఎక్కింది, రెండుసార్లు వాయిదా పడింది, ఒక్క డాలరూ వసూలు చేయకుండానే రద్దయింది. దాన్ని జనం పిలిచిన పేరు ‘కాడిలాక్ పన్ను’. ఖరీదైన కారులాంటి బీమా పథకాల మీద పన్ను అన్నమాట.

ఈ తగాదాకు మూలం రెండో ప్రపంచ యుద్ధ కాలంలో ఉంది. 1942లో అమెరికా ప్రభుత్వం ధరలు పెరగకుండా జీతాలకు కళ్లెం వేసింది. మనుషులు దొరకని కాలం. జీతం పెంచడానికి వీల్లేని కంపెనీలు ఆరోగ్య బీమా ఇస్తామంటూ పనివాళ్లను రప్పించుకున్నాయి. బీమా జీతం కిందికి రాదని ప్రభుత్వం ఒప్పుకుంది. 1954 పన్ను చట్టంలోని 106వ సెక్షన్ దానికి శాశ్వత ముద్ర వేసింది: యజమాని కట్టే ప్రీమియం ఉద్యోగి ఆదాయం కాదు. మన దేశంలోనూ కంపెనీ తీసుకునే గ్రూపు బీమా ప్రీమియం ఉద్యోగి ఆదాయంలో కలవదు. అయితే ఇక్కడి మొత్తాలు చిన్నవి. అమెరికాలో 2009 నాటికే ఒక కుటుంబ బీమా సగటు ప్రీమియం 13,375 డాలర్లు. 15 కోట్ల మందికి పైగా ఈ దారిలోనే వైద్యం అందుతోంది. ఈ మినహాయింపు వల్ల ప్రభుత్వం వదులుకునే పన్ను ఏటా 20,000 కోట్ల డాలర్లు దాటుతుంది.

ఆ లాభం అందరికీ ఒకేలా అందదు. 2009 నాటి శ్లాబులతో చూద్దాం. యజమాని 10,000 డాలర్ల ప్రీమియం కట్టాడు. 15 శాతం శ్లాబులో ఉన్న ఉద్యోగికి ఆదాయ పన్నులో 1,500, తన వాటా పేరోల్ పన్ను 7.65 శాతం చొప్పున 765, మొత్తం 2,265 డాలర్లు మిగులుతుంది. పేరోల్ పన్నులో పింఛను భాగం (సోషల్ సెక్యూరిటీ) ఒక జీతం పరిమితి వరకే పడుతుంది. 35 శాతం శ్లాబులో ఉన్న పెద్ద అధికారికి ఆ పరిమితి దాటిపోయింది కాబట్టి పేరోల్‌లో వృద్ధుల వైద్య పథకమైన మెడికేర్ భాగం 145 మాత్రమే మిగులుతుంది. కానీ ఆదాయ పన్నులో 3,500 కలుపుకుంటే లాభం 3,645 డాలర్లు. అదే బీమా, అదే ప్రీమియం. ఎక్కువ సంపాదించేవాడికి ప్రభుత్వం ఎక్కువ ఇస్తోంది. పైగా పన్ను లేని డాలరు బీమాలోకి, పన్ను పడే డాలరు జీతంలోకి వెళ్తుంటే యజమానీ ఉద్యోగీ ఇద్దరూ బీమాను లావు చేసుకోవడానికే చూస్తారు. ఆస్పత్రుల ధరలకు అడ్డు చెప్పేవాడు ఉండడు. రెండు పార్టీల ఆర్థికవేత్తలూ దశాబ్దాలుగా ఈ మినహాయింపును తప్పుపట్టింది ఇందుకే.

2008లో దీని మీద చెయ్యి వేసిన అభ్యర్థి ఒబామా కాదు, రిపబ్లికన్ జాన్ మెకెయిన్. యజమాని బీమాను ఆదాయంగా లెక్కగట్టి ఆదాయ పన్ను వేస్తాం, బదులుగా ఒంటరివారికి 2,500, కుటుంబానికి 5,000 డాలర్ల పన్ను క్రెడిట్ (కట్టాల్సిన పన్నులో నేరుగా తగ్గే మొత్తం) ఇస్తాం అన్నారాయన. ఒబామా ప్రచారం దీన్ని చరిత్రలో మొదటిసారి మీ ఆరోగ్య బీమా మీద పన్ను వేసే పథకంగా ఊదరగొట్టింది. ఉపాధ్యక్ష అభ్యర్థుల చర్చలో ఒబామా పక్షాన జో బైడెన్ కూడా అదే ఎత్తిచూపారు: 12,000 డాలర్ల బీమా పోగొట్టి 5,000 చేతిలో పెడతారా? విమర్శలో పస లేకపోలేదు. క్రెడిట్ వచ్చాక కంపెనీలు బీమా ఇవ్వడం మానేస్తాయన్న భయం నిజమైనదే. కానీ ఆ ప్రకటనలు లెక్కలో సగమే చెప్పాయి. 25 శాతం శ్లాబులో ఉన్న కుటుంబానికి 12,680 డాలర్ల ప్రీమియం మీద పడే పన్ను 3,170. వచ్చే క్రెడిట్ 5,000. బీమా కొనసాగినంత కాలం మధ్యతరగతికి అది నష్టం కాదు, లాభం. ఓటరుకు ఈ రెండో సగం చెప్పకుండా గెలిచిన పార్టీకి, అధికారంలోకి వచ్చాక అదే మినహాయింపు తలుపు తట్టాల్సి వచ్చింది.

డబ్బు ఎక్కణ్ణుంచి తేవాలి?

2009 సెప్టెంబరు 9న అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ఉభయ సభల ముందు అధ్యక్షుడు ఒబామా రెండు షరతులు తనకు తానే పెట్టుకున్నారు. తాను తలపెట్టిన ఆరోగ్య బీమా సంస్కరణ ఖర్చు పదేళ్లకు 90,000 కోట్ల డాలర్ల దరిదాపుల్లో ఉంటుంది, బడ్జెట్ లోటు మాత్రం పైసా కూడా పెరగదు. అంటే అంత సొమ్మూ కొత్త పన్నుల నుంచో, మెడికేర్ పొదుపుల నుంచో రావాలి. మూడో ఒత్తిడి, బిల్లుల ఖర్చు లెక్కగట్టే కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం నుంచి వచ్చింది. దాని డైరెక్టర్ డగ్లస్ ఎల్మెండార్ఫ్ జులై 16న సెనేట్ బడ్జెట్ కమిటీ ముందు, అప్పటి బిల్లులు దీర్ఘకాలిక వైద్య ఖర్చును తగ్గించవని తేల్చేశారు. ఖర్చు తగ్గాలంటే ఉన్న మార్గాల్లో బీమా మినహాయింపు ముఖ్యమైనదని కూడా సూచించారు.

సెనేట్ ఫైనాన్స్ కమిటీ అధ్యక్షుడు మ్యాక్స్ బాకస్ మొదట సూటి దారినే చూశారు: ఒక పరిమితి దాటిన ప్రీమియాన్ని ఉద్యోగి ఆదాయంలో కలపడం. పన్ను ఎవరి శ్లాబు ప్రకారం వారికి పడుతుంది, తక్కువ జీతగాడికి తక్కువ, ఎక్కువ జీతగాడికి ఎక్కువ. న్యాయంగా చూస్తే ఇదే మేలైన రూపం. కానీ అది నేరుగా ఉద్యోగి పన్ను పత్రంలో కనిపిస్తుంది. ‘ఏ పన్నూ’ అన్న హామీకి ఎదురుగా నిలబడుతుంది. అందుకే సెనేటర్ జాన్ కెర్రీ ముందుకు తెచ్చిన ఇంకో రూపం గట్టెక్కింది: ఉద్యోగి మీద కాకుండా బీమా కంపెనీ మీద ఎక్సైజ్ పన్ను. తల చుట్టూ చెయ్యి తిప్పి ముక్కు పట్టుకోవడం లాంటిదే ఇది. చట్టం కాగితం మీద కట్టేది బీమా కంపెనీ. ఆ భారం దిగేది మాత్రం ఉద్యోగి మీదికే. ఒబామా కూడా దీన్ని ఖరీదైన పాలసీల మీద బీమా కంపెనీలు కట్టే రుసుముగానే వర్ణించారు.

2009 డిసెంబరు 24న సెనేట్ 60–39 ఓట్లతో ఆమోదించిన బిల్లులో ఈ పన్ను రేటు 40 శాతం. ఒంటరి పాలసీకి 8,500, కుటుంబ పాలసీకి 23,000 డాలర్లు దాటిన మొత్తం మీద, 2013 నుంచి. పదేళ్లలో 14,900 కోట్ల డాలర్లు వస్తాయని అంచనా. ప్రతినిధుల సభ నవంబరు 7న 220–215తో ఆమోదించిన బిల్లులో ఇలాంటిదేమీ లేదు. ఏడాదికి 5 లక్షల డాలర్లు దాటిన వ్యక్తులు, 10 లక్షలు దాటిన దంపతుల మీద 5.4 శాతం సర్‌ఛార్జి వేసి 46,000 కోట్ల డాలర్లు తెస్తామంది ఆ సభ. హామీకి ఒక్క అక్షరం తేడా రాని మార్గం అది. దానికి రెండు అడ్డంకులు. సెనేట్‌లో చర్చ ముగించి బిల్లును ఓటుకు తేవాలంటే 100 మందిలో 60 ఓట్లు కావాలి. అప్పుడు ఒక్క ఓటు జారినా 60 రావు, ఆ సర్‌ఛార్జికి 60 ఓట్లు లేవు. రెండోది, ధనికుల మీద పన్ను వేస్తే ఖజానాకు సొమ్ము వస్తుంది కానీ వైద్యం ధర తగ్గదు.

కాడిలాక్ పన్ను నుంచి వస్తుందన్న రాబడిలో సింహభాగం ఆ 40 శాతం నుంచి రాదు. ఈ సంగతి అప్పట్లో ప్రజలకు అర్థమయ్యేలా ఎవరూ చెప్పలేదు. కంపెనీలు పన్ను తప్పించుకోవడానికి బీమాను పరిమితి కిందికి కుదిస్తాయి, మిగిలిన డబ్బు జీతంలో కలుపుతాయి, ఆ జీతం మీద మామూలు ఆదాయ పన్ను, పేరోల్ పన్ను వస్తాయి. అంచనా నడిచింది ఆ లెక్క మీదే. అంటే బిల్లు సొంత అంకెలే చెబుతున్నాయి, డబ్బు కట్టేది జీతగాళ్లని. వాళ్లలో అత్యధికులు 2,50,000 డాలర్ల లోపువారే. మాట నిలబడింది చట్టపరమైన పేరులో మాత్రమే. ఇది మాట తప్పడమే అని ఒప్పుకుని, ఎందుకు తప్పాల్సి వచ్చిందో చెప్పి ఉంటే ఆ పన్నుకు కనీసం ఒక సమర్థకుడైనా మిగిలేవాడు.

జనవరి బేరం

కార్మిక సంఘాల కోపం మామూలుది కాదు. వాళ్ల వాదన వినదగ్గది. జీతాల చర్చల్లో యాజమాన్యం ‘పెంపు ఇవ్వలేం, బీమా మెరుగుపరుస్తాం’ అన్నప్పుడల్లా సంఘాలు పెంపు వదులుకుని బీమా తీసుకున్నాయి. ఇప్పుడు ఆ బీమా మీద పన్ను అంటే వదులుకున్న పెంపు మీద పన్ను కట్టించుకోవడమే. ఇంకో నిజం కూడా ఉంది. ప్రీమియం ఎక్కువ ఉన్నంత మాత్రాన బీమా విలాసవంతమైనది కాదు. వయసు మళ్లిన కార్మికులు ఎక్కువున్న ఫ్యాక్టరీ, గాయాలు ఎక్కువయ్యే గనుల పని, ఆస్పత్రుల ధరలు మండిపోయే ఊరు, ఇవన్నీ ప్రీమియాన్ని పెంచేవే. కాడిలాక్ అన్న పేరు మొదటి నుంచీ తప్పుదారి పట్టించింది. కనెక్టికట్ ప్రతినిధి జో కోర్ట్నీ నాయకత్వంలో ప్రతినిధుల సభ డెమొక్రాట్లు పెద్ద సంఖ్యలో ఈ పన్నును వ్యతిరేకిస్తూ లేఖ రాశారు.

2010 జనవరి 14న వైట్‌హౌస్‌కూ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. పరిమితులు 8,900, 24,000 డాలర్లకు పెరిగాయి. సంఘాల ఒప్పందాల కింద ఉన్న పథకాలకు, రాష్ట్ర, స్థానిక ప్రభుత్వ ఉద్యోగులకు 2018 దాకా పన్ను లేదు. పళ్లు, కళ్ల బీమా 2015 నుంచి లెక్కలోకి రాదు. రాబడి అంచనా సుమారు 9,000 కోట్ల డాలర్లకు పడిపోయింది. సంఘాలు ఐదేళ్ల గడువు అడగడంలో తర్కం ఉంది: కార్మిక ఒప్పందం ఒకసారి రాసుకుంటే కొన్నేళ్లు నడుస్తుంది, మళ్లీ బేరమాడి బీమా తగ్గించుకుని జీతం పెంచుకోవడానికి వ్యవధి కావాలి. కానీ అదే కంపెనీ వీధికి అవతల, సంఘం లేని ఉద్యోగులకు అదే ధర బీమా ఇస్తుంటే వాళ్లకు మాత్రం 2013 నుంచే పన్ను. ఒకే ప్రీమియానికి రెండు న్యాయాలు. అప్పటికే నెబ్రాస్కా సెనేటర్ ఓటు కోసం ఆ రాష్ట్రానికి పేదల వైద్య పథకమైన మెడికెయిడ్‌లో ఇచ్చిన ప్రత్యేక రాయితీ మీద దేశమంతా మండిపడుతోంది. దానికి ఇది తోడైంది.

ఐదు రోజులకే, జనవరి 19న, మసాచుసెట్స్ ఉప ఎన్నికలో రిపబ్లికన్ స్కాట్ బ్రౌన్ గెలిచారు. సెనేట్‌లో డెమొక్రాట్ల పక్షాన ఉన్న 60 ఓట్లు పోయాయి. ఇక ప్రతినిధుల సభ సెనేట్ బిల్లును యథాతథంగా ఆమోదించాలి, సవరణలను 51 ఓట్లతో సరిపోయే ‘రికన్సిలియేషన్’ అనే ప్రత్యేక బడ్జెట్ బిల్లులో పెట్టాలి. ఫిబ్రవరి 22న ఒబామా కొత్త ప్రతిపాదన వచ్చింది. సంఘాలకిచ్చిన గడువు అందరికీ ఇచ్చేశారు: పన్ను 2018లోనే మొదలు. పరిమితులు 10,200, 27,500 డాలర్లు. పోలీసులు, అగ్నిమాపక సిబ్బంది, గని, నిర్మాణ కార్మికుల్లాంటి ప్రమాదకర వృత్తులవారికి, 55 దాటి మెడికేర్ ఇంకా రాని విశ్రాంత ఉద్యోగులకు చివరి చట్టంలో 11,850, 30,950. మార్చి 30న సంతకమయ్యాక 2019 దాకా రాబడి అంచనా 3,200 కోట్ల డాలర్లు మాత్రమే. 14,900 కోట్ల నుంచి అక్కడికి దిగింది.

ఆ 2018 అన్న సంవత్సరాన్ని ఒకసారి పరీక్షగా చూడాలి. ఒబామా రెండోసారి గెలిచినా పదవీకాలం 2017 జనవరి 20తో ముగుస్తుంది. అంటే హామీ ఇచ్చిన మనిషి పదవిలో ఉండగా ఈ పన్ను ఎవరికీ తగలదు. వేసిన చేతికీ వసూలు చేసే చేతికీ మధ్య కనీసం రెండు అధ్యక్ష ఎన్నికలు. రాజీలో ఒక పక్షం కొంత వదులుకుంటుంది, రెండో పక్షం కొంత వదులుకుంటుంది, ఇద్దరూ ఆ ఫలితాన్ని మోస్తారు. ఇక్కడ ఇద్దరూ ఏమీ వదులుకోలేదు. భారాన్ని అప్పటికి అక్కడ లేని మూడోవాడికి, అంటే భవిష్యత్ కాంగ్రెస్‌కు, అప్పగించారు.

ఎక్కడ చెడింది

పన్ను నిర్మాణంలోనే చీడ ఉంది. లెక్క ఇలా నడుస్తుంది. కుటుంబ పాలసీ 30,000 డాలర్లు అనుకుందాం. పరిమితి 27,500. అదనం 2,500, దాని మీద 40 శాతం అంటే 1,000. బీమా కంపెనీకి ఈ వెయ్యి ఖర్చుగా చూపించుకునే వీలు లేదు. వెయ్యి రాబట్టుకోవడానికి ప్రీమియం పెంచితే ఆ పెంపు ఆదాయమవుతుంది, దాని మీద అప్పటి 35 శాతం కార్పొరేట్ పన్ను పడుతుంది. వెయ్యి మిగలాలంటే 1,538 డాలర్లు పెంచాలి. 40 శాతం అన్న పన్ను ఉద్యోగి దగ్గరికి వచ్చేసరికి దాదాపు 61 శాతం అవుతుంది. శ్లాబుతో సంబంధం లేదు. 40,000 జీతగాడికీ 4 లక్షల జీతగాడికీ ఒకటే. బాకస్ వదిలేసిన సూటి పరిమితిలో ఈ అన్యాయం ఉండేది కాదు.

రెండో లోపం సూచికలో. పరిమితి 2019లో సాధారణ ద్రవ్యోల్బణానికి ఒక శాతం కలిపి పెరుగుతుంది, ఆ తర్వాత ఉత్త ద్రవ్యోల్బణంతోనే. ప్రీమియాలు దానికంటే వేగంగా పెరుగుతాయి. మొదట కొద్ది పథకాలకు తగిలే పన్ను ఏటేటా సామాన్య పథకాలను మింగుతూ పోతుంది. ఉద్యోగి వైద్యం కోసం పన్ను లేకుండా పక్కన పెట్టుకునే ఫ్లెక్సిబుల్ స్పెండింగ్ ఖాతా సొమ్ము కూడా లెక్కలో కలుస్తుంది. 2018లో 26 శాతం యాజమాన్యాల పథకాల్లో కనీసం ఒకటి పరిమితి దాటుతుందని, 2028 నాటికి అది 42 శాతమవుతుందని ఆరోగ్య పరిశోధన సంస్థ కైజర్ ఫ్యామిలీ ఫౌండేషన్ 2015లో అంచనా వేసింది. దీర్ఘకాలిక రాబడి లెక్క బాగా కనిపించింది సరిగ్గా ఈ కారణం వల్లే. ఆర్థికవేత్తలకు అది గుణం. రాజకీయంగా అది ఉరితాడు.

మొదలు కాకముందే దాని నీడ పడింది. యాజమాన్యాలు ఏళ్ల ముందే పథకాలను కుదించడం మొదలుపెట్టాయి. ప్రీమియం తగ్గించడానికి దగ్గరి దారి డిడక్టిబుల్ పెంచడం, అంటే బీమా డబ్బు ఇవ్వడం మొదలుపెట్టే ముందు రోగి జేబులోంచి కట్టాల్సిన మొత్తం. ఒంటరి పాలసీలో సగటు డిడక్టిబుల్ 2009లో 826 డాలర్లు, 2019లో 1,655. దీనికంతటికీ ఈ పన్నే కారణమనడం తప్పు, ఆ ధోరణి ముందే ఉంది. కానీ కోత పెట్టే ప్రతి చర్చలో ‘2018 వస్తోంది’ అన్న మాట యాజమాన్యం చేతికి ఆయుధంగా దొరికింది. తగ్గిన బీమాకు బదులు జీతం పెరుగుతుందన్న రెండో సగం మాత్రం ఉద్యోగికి పే స్లిప్‌లో విడిగా కనిపించేది కాదు. కనిపించని లాభానికి ఓటు పడదు.

ఆ తర్వాత జరిగింది ఊహించగలిగినదే. 2015 డిసెంబరు 3న సెనేట్‌లో రద్దు సవరణకు 90–10 ఓట్లు వచ్చాయి. అప్పటికి ఎన్నికల బరిలో ఉన్న హిల్లరీ క్లింటన్, బెర్నీ శాండర్స్ ఇద్దరూ రద్దునే కోరారు. అదే నెల ఖర్చుల బిల్లు పన్నును 2020కి నెట్టింది, బీమా కంపెనీలు దాన్ని ఖర్చుగా చూపుకోవచ్చని కూడా మార్చింది. 2018 జనవరిలో ఇంకో వాయిదా, 2022కి. మధ్యలో 2017లో రిపబ్లికన్లు తమ సొంత ఆరోగ్య బిల్లు ముసాయిదాలో బీమా మినహాయింపుకు పరిమితి పెట్టబోయి, వ్యతిరేకత చూసి వెనక్కి తీసుకున్నారు. రెండు పార్టీలకూ ఇది అవసరమే, రెండు పార్టీలకూ ఇది విషమే. 2019 జులై 17న ప్రతినిధుల సభ జో కోర్ట్నీ రద్దు బిల్లును 419–6తో ఆమోదించింది. ఆ డిసెంబరు 20న ట్రంప్ సంతకం చేసిన ఖర్చుల బిల్లులో రద్దు కలిసిపోయింది. పదేళ్లలో పోయిన రాబడి దాదాపు 19,700 కోట్ల డాలర్లు. దాని స్థానంలో మరో పన్ను పెట్టలేదు. పైసా లోటు పెరగదన్న మాట కూడా అలా కొంత కరిగింది.

దీన్ని చూసి రాజీయే తప్పు అనడం సరికాదు. అదే చట్టంలో మెడికేర్ పన్నులు కూడా పెంచారు: జీతం మీద అదనంగా 0.9 శాతం, పెట్టుబడి ఆదాయం మీద 3.8 శాతం. మొదటిది సెనేట్ డిసెంబరు బిల్లులోనే ఉంది, రెండోది కాడిలాక్ పన్ను తగ్గిన మేర నింపడానికి తర్వాతి మార్పుల్లో వచ్చింది. ఒంటరివారికి 2 లక్షలు, దంపతులకు 2,50,000 డాలర్లు దాటితేనే. రెండూ కలిపి 21,000 కోట్ల డాలర్ల అంచనా. 2013 నుంచి వసూలవుతున్నాయి, ఎన్ని ప్రభుత్వాలు మారినా నిలిచాయి. ఇవి హామీలో చెప్పిన గీతకు పైనే ఉన్నాయి, ఎవరు కడతారో చట్టంలో ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది, సంతకం చేసిన అధ్యక్షుడి హయాంలోనే మొదలయ్యాయి. నిలిచిన పన్నుకూ కూలిన పన్నుకూ తేడా ఈ మూడింట్లో ఉంది.

వీటికీ ఒక లోపం ఉంది, అమెరికాలోని తెలుగు కుటుంబాలకు అది బాగా తెలుసు. ఆ 2,50,000 గీత ద్రవ్యోల్బణంతో పెరగదు. చెరో 1,50,000 డాలర్లు సంపాదించే సాఫ్ట్‌వేర్ దంపతులను తీసుకోండి. 0.9 శాతాన్ని కంపెనీ కోసేది ఒక్కొక్కరి జీతం 2 లక్షలు దాటినప్పుడే. కాబట్టి ఇద్దరి పే స్లిప్‌లలోనూ ఏమీ కోయరు. పన్ను దాఖలు చేసేటప్పుడు ఇద్దరిదీ కలిపి 3 లక్షలు, గీత దాటిన 50,000 మీద 450 డాలర్లు ఫారం 8959లో ఒక్కసారిగా తేలుతుంది. షేర్లు, అద్దెల ఆదాయం ఉంటే 3.8 శాతం కోసం ఫారం 8960. ముందే తెలిస్తే, జీతంలోంచి ఎంత పన్ను కోయాలో కంపెనీకి చెప్పే డబ్ల్యూ-4 పత్రంలో అదనపు కోత రాయించుకోవచ్చు. 2008లో ధనికుల గీతగా గీసిన అంకె ఇప్పుడు ఇద్దరు ఉద్యోగుల ఇంటి మీదుగా వెళ్తోంది.

కాడిలాక్ పన్ను పోయినా దానికి తోడుగా వచ్చిన ఒక చిన్న నియమం మిగిలే ఉంది. 2012 ఆదాయం నుంచి పెద్ద యాజమాన్యాలు బీమా మొత్తం ధరను ఉద్యోగికి తెలియజేయాలి. ఏడాది జీతం, పన్ను కోతలు చూపిస్తూ ప్రతి జనవరిలో చేతికొచ్చే డబ్ల్యూ-2 పత్రంలో 12వ గడి దగ్గర ‘డీడీ’ అనే రెండక్షరాల పక్కన ఉండే అంకె అదే. యజమాని వాటా, మీ జీతంలో కోసిన వాటా రెండూ కలిపిన ధర అది. చాలామంది దాన్ని చూసి ఆదాయంలో కలపాలేమోనని కంగారు పడతారు. కలపక్కర్లేదు, దాని మీద పన్ను లేదు. 1954 నాటి సెక్షన్ 106 ఈనాటికీ చెక్కుచెదరలేదు. ఆ అంకెను 27,500తో పోల్చి చూస్తే, అదే గీత ఇవాళ అమల్లో ఉంటే మీ ఇల్లు దానికి ఏ పక్కన ఉండేదో తెలుస్తుంది.